బొగ్గు బెల్టు దగ్గర 17 ఏళ్లు: ఇప్పుడు సోలార్ ట్రైనింగ్‌కి డబ్బు కట్టాలా?

ప్రశ్న:

మాస్టారు గారికి నమస్కారం. మాది గాజువాక దాటాక సముద్రం వైపు ఒక ఊరు. నాకు 42 ఏళ్లు. ఐటీఐ ఫిట్టర్ చేశాను. 17 ఏళ్లుగా ఒక థర్మల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని. ఎక్కువ కాలం బొగ్గు సెక్షన్‌లోనే గడిచింది. బెల్టులు, గేర్‌బాక్సులు, పంపులు చూస్తాను. ఇప్పటికి నలుగురు కాంట్రాక్టర్లు మారారు, నేను మాత్రం అదే బెల్టు దగ్గర ఉన్నాను. మా తాతగారిది ఎకరన్నర భూమి పరిశ్రమ కోసం పోయింది. ఆ లెక్కలోనే నీకీ పని దొరికిందని మా నాన్న అంటుంటాడు.

ఈ మధ్య ఎక్కడ విన్నా సోలార్, హైడ్రోజన్ అంటున్నారు. చెరువు నీళ్ల మీద కూడా పలకలు పరిచారు. పూడిమడకలో హైడ్రోజన్ హబ్ వస్తోందట. బొగ్గు ప్లాంట్లు మూసేస్తారని మా షిఫ్ట్‌లో రోజూ అదే మాట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంతలో మా ఊరి కుర్రాడొకడు నన్ను టౌన్‌లో ఒక ట్రైనింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. 65 వేలు కడితే మూడు నెలల ‘సోలార్, గ్రీన్ హైడ్రోజన్ టెక్నీషియన్’ కోర్సు, సర్టిఫికెట్, ఆపైన ఉద్యోగం గ్యారంటీ అన్నారు. 5 వేలు అడ్వాన్స్ కట్టాను. మిగతాది కట్టాలంటే మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాలి. తను సరేనంది కానీ ఆ ముఖం చూస్తే నాకే మనసొప్పడం లేదు.

కోర్సుకి వెళ్తే మూడు నెలలు పని మానాలి. మానితే గేట్ పాస్ పోతుంది. ఏం చేయమంటారు? మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి రాస్తోంది. కనీసం దాన్నయినా ఈ కొత్త లైన్‌లో పెట్టమంటారా? నన్ను ‘మీరు’ అనకండి మాస్టారూ, వయసులో చిన్నవాడిని.

— ఒక ఫిట్టర్, విశాఖపట్నం

సమాధానం:

తమ్ముడూ,

గాజులు తాకట్టు పెట్టొద్దు. మిగతా 60 వేలు కట్టొద్దు. నీ ఉత్తరంలో తొందర ఉన్న సంగతి అదొక్కటే కాబట్టి ముందే చెప్పేశాను. కట్టిన 5 వేలకి రసీదు ఉంటే వెళ్లి తిరిగి అడుగు. ఇస్తే సంతోషం. ఇవ్వకపోతే దాన్ని రాబట్టుకోవాలని ఇంకో 60 వేలు దాని వెనకాల పంపకు. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లని ఒకే ఒక్క మాట అడుగు: ఏ కంపెనీ, ఎంతమందిని, ఎంత జీతానికి తీసుకుంటుందో ఆ కంపెనీ లెటర్‌హెడ్ మీద చూపిస్తారా? ప్లాంటు నడిపే కాంట్రాక్టు ఎవరికి దక్కుతుందో తేలకుండా అందులో ఉద్యోగానికి పూచీ పడటం ఎవరి తరం?

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను ఐటీఐలో ఫిట్టర్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్న రోజుల్లో ఒక పెద్ద పరిశ్రమ వస్తోందని, దానికోసమే ప్రత్యేకంగా ఒక బ్యాచ్‌ని తయారుచేశాం. 24 మంది కుర్రాళ్లు. పేరు చెప్పను, ఇప్పుడు అనవసరం. ఆ పరిశ్రమ మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి మేం నేర్పిన యంత్రం కాకుండా ఇంకో రకం యంత్రం తెచ్చారు. ఆ పిల్లల్లో ఒకడు ఆరు నెలల తర్వాత మా స్టాఫ్ రూమ్‌కి వచ్చి, “మాస్టారూ, ఈ సర్టిఫికెట్ చూపిస్తే మామూలు ఫిట్టర్ పని కూడా ఇవ్వడం లేదు, నువ్వు దీనికే పనికొస్తావు అంటున్నారు” అన్నాడు. తప్పు వాడిది కాదు, మాది. యంత్రం రాకముందే ఆ యంత్రం ఒక్కదానికే మనిషిని తయారుచేయకూడదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఇక నీ నిద్ర సంగతి. బొగ్గు ప్లాంట్లు రేపే మూతపడవు. 2030 దాకా బొగ్గు యూనిట్లు వేటినీ రిటైర్ చేయొద్దని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 జనవరిలో ఉత్పత్తి సంస్థలకి సూచించింది. సాయంత్రం ఏడింటికి దేశమంతా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు వేసే టైమ్‌లో సూర్యుడు ఉండడు కదా. మన దగ్గర సింహాద్రి ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. మొదటి రెండూ 2002లో, తర్వాతి రెండూ 2011, 2012ల్లో నడక మొదలుపెట్టాయి. పాలవలస దగ్గర హిందుజా వాళ్ల 1,040 మెగావాట్ల ప్లాంటు 2016ది, ఇంకా కుర్రది. అంటే నీకు కాస్త టైముంది. కాస్తే. నీ సర్వీసు ఇంకా 16, 18 ఏళ్లు ఉందనుకుంటే అన్నేళ్లూ ఇదే బెల్టు ఇలాగే తిరుగుతుందని మాత్రం నేను రాసివ్వలేను.

ఈలోగా జరిగే మార్పు ఇంకొకటి ఉంది, అది నీకు ఇప్పటికే తెలుస్తూ ఉండాలి. పగలు సోలార్ కరెంటు గ్రిడ్‌లోకి ఎక్కువ వస్తుంటే థర్మల్ యూనిట్లని లోడు తగ్గించమంటారు, సాయంత్రం మళ్లీ గబగబా పెంచమంటారు. బాయిలర్‌కి ఇది ఒంటికి పడదు. వేడెక్కి చల్లారి, మళ్లీ వేడెక్కి, ట్యూబులకి లీకులొస్తాయి, వాల్వులు అరుగుతాయి. నిండా బొగ్గుతో ఆగిపోయిన బెల్టుని మళ్లీ కదిలించడం ఎంత పనో నీకు నేను చెప్పాలా? అందుకని ఉన్నన్నాళ్లూ ఆ ప్లాంట్లలో ఫిట్టర్‌కి పని తగ్గదు, పెరుగుతుంది.

నువ్వు చూసిన చెరువు మీద పలకల గురించి ఒక లెక్క చెప్తాను. సింహాద్రి రిజర్వాయర్ మీద 2021 ఆగస్టులో మొదలైన సోలార్ ప్లాంటు 25 మెగావాట్లది. 75 ఎకరాల నీళ్ల మీద లక్షకు పైగా పలకలు. దాదాపు 7 వేల ఇళ్లకి సరిపోయే కరెంటు ఇస్తుందని, నీళ్లు ఆవిరైపోకుండా ఏడాదికి 136 కోట్ల లీటర్లు మిగులుతాయని అప్పట్లో ప్రకటించారు. వినడానికి బాగుంది. నిజంగానే బాగుంది కూడా. కానీ పక్కనున్న థర్మల్ ప్లాంటు 2,000 మెగావాట్లు. పైగా సోలార్ రాత్రి పడుకుంటుంది. ఏడాది మొత్తానికి నా లెక్కలో ఆ పలకలు నాలుగున్నర కోట్ల యూనిట్ల లోపు ఇస్తాయి. థర్మల్ నూటికి 70 వంతులు నడిచినా 1,200 కోట్ల యూనిట్లు దాటుతుంది. అంటే ఆ చెరువు నిండా పలకలున్నా, బొగ్గు ఇచ్చే కరెంటులో 270వ వంతు కూడా రాదు.

మరి అక్కడే ఎందుకు పెట్టారంటావేమో. బొగ్గు ప్లాంటు ఆవరణలో అన్నిటికంటే విలువైంది భూమి కాదు, స్విచ్‌యార్డు. అక్కడి నుంచి బయటికి పోయే పెద్ద లైన్లు. కొత్త చోట సోలార్ పెడితే టవర్లు వేయాలి, రైతుల పొలాల మీదుగా తీగలు లాగాలి, ఏళ్లు పడుతుంది. ఇక్కడ అన్నీ సిద్ధం. రోడ్డుంది, సెక్యూరిటీ ఉంది, కరెంటు తెలిసిన మనుషులున్నారు. రామగుండంలో ఎన్టీపీసీ 100 మెగావాట్ల తేలే సోలార్ పెట్టి 2022లో పూర్తిచేసింది కూడా ఈ లెక్క మీదే. సింగరేణి తన గనుల స్థలాల్లో పలకలు వేస్తోంది. చైనాలో హువైనాన్ దగ్గర అడుగున బొగ్గు తవ్వేశాక కుంగిపోయి చెరువైన నేల మీద 2017లో 40 మెగావాట్ల తేలే ప్లాంటు పెట్టారు. మన జీవీఎంసీ వాళ్లయితే బొగ్గుతో సంబంధం లేకుండానే 2018లో ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్లు వేశారు. ఎప్పుడైనా ఆదివారం అమ్మాయిని తీసుకెళ్లి గట్టు మీంచి చూపించు.

అయితే ఆ గట్టు మీద నిలబడి ఒక్కసారి మనుషుల్ని లెక్కపెట్టు. ఎంతమంది కనిపిస్తారు? సోలార్‌లో పని అంతా కట్టేటప్పుడే. ఆ కొన్ని నెలలూ వందలమంది కావాలి: స్తంభాలు పాతేవాళ్లు, ఫ్రేములు బిగించేవాళ్లు, కేబుల్ లాగేవాళ్లు. కట్టడం అయిపోయాక ఒక ఇంజనీరు, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు, కాపలావాళ్లు, పలకలు కడిగేవాళ్లు. అంతే. బొగ్గు ప్లాంటులాగా దానికి రోజూ గూడ్సు రైలు రానక్కర్లేదు, బెల్టు తిరగనక్కర్లేదు, బూడిద మోయనక్కర్లేదు. బొగ్గు ప్లాంటుకి మనుషులు ఎందుకు కావాలో, సోలార్‌కి ఎందుకు అక్కర్లేదో ఇక్కడే తెలుస్తుంది. భూమి బొగ్గు నుంచి సోలార్‌కి మారొచ్చు. ఆ భూమి మీద బతికిన వెయ్యి మందీ దానితోపాటు మారలేరు. కోర్సు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

ఇక పూడిమడక. ఆ స్థలం కథ నీకు తెలిసే ఉంటుంది. అచ్యుతాపురం మండలంలో ఆ 1,200 ఎకరాల్లో ముందు అనుకున్నది 4,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు. అది రాలేదు. ఆ భూమినే 2024 ఫిబ్రవరిలో హైడ్రోజన్ హబ్ కోసం ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీకి లీజుకిచ్చారు. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చి శంకుస్థాపన చేశారు. రూ. 1.85 లక్షల కోట్ల పెట్టుబడి, 20 గిగావాట్ల సోలార్, పవన విద్యుత్తు, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్. ఇవీ ప్రకటించిన అంకెలు.

ఈ అంకెల్ని కొంచెం విడదీసి చూద్దాం, ఎందుకంటే నీ దారి ఇందులోనే ఉంది. ఒక్క మెగావాట్ సోలార్‌కి నేల మీద నాలుగెకరాలు అనుకో. 20 గిగావాట్లంటే 20 వేల మెగావాట్లు. అందులో సగం గాలిమరలే అనుకున్నా మిగతా సగానికి 40 వేల ఎకరాలు. పూడిమడకలో ఉన్నది 1,200. అంటే ఆ పలకలు, గాలిమరలు దాదాపు అన్నీ ఇంకెక్కడో ఉండాలి. అక్కడి నుంచి కరెంటు తీగల మీద రావాలి. కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్లు పైనే కావాలి కాబట్టి రోజుకి 1,500 టన్నులంటే ఏడున్నర కోట్ల యూనిట్లు దాటుతుంది. సింహాద్రి నాలుగు యూనిట్లూ ఆగకుండా ఫుల్ లోడుతో తిరిగినా రోజుకి వచ్చేది 4.8 కోట్లు. అంత కరెంటుని మింగి నీళ్లని విడగొట్టే కార్ఖానా పూడిమడకలో వస్తుంది.

కార్ఖానా అన్నాను, చూశావా? నువ్వు సోలార్ అనుకుని భయపడుతున్నావు. నీ ఊరికి దగ్గరగా వచ్చేది పలకల తోట కాదు. పంపులు, పైపులు, కంప్రెసర్లు, వాల్వులు, ట్యాంకులు నిండిన ప్లాంటు. సముద్రపు నీళ్లు తెచ్చి ఉప్పు తీయాలి, తర్వాత నీళ్లలో మిగిలిన లవణాలన్నీ తీసేసే డీఎమ్ ప్లాంట్‌లో శుభ్రం చేయాలి, కరెంటుతో నీళ్లని విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌కి పంపాలి, వచ్చిన గ్యాసుని నొక్కి పెట్టాలి, అందులో కొంత అమ్మోనియాగా మార్చాలి. ఇందులో ఎలక్ట్రోలైజర్ ఒక్కటే నీకు కొత్త. మిగతావాటిలో సగం నీ ప్లాంట్‌లో నువ్వు రోజూ దాటుకుని వెళ్లేవే. డీఎమ్ ప్లాంట్ ఉందిగా. కంప్రెసర్ హౌస్ ఉందిగా. ఇంకో మాట చెప్పనా? 500 మెగావాట్ల జెనరేటర్ లోపల వేడి తగ్గించేది హైడ్రోజనే. అది బయటికి రాకుండా ఆపే సీల్ ఆయిల్ సిస్టమ్ దగ్గర పనిచేసే టర్బైన్ మెయింటెనెన్స్ వాళ్లు ఇన్నాళ్లూ చేస్తున్నది హైడ్రోజన్ పనే. వాళ్లని ఎవరూ హైడ్రోజన్ టెక్నీషియన్లు అనలేదు, అంతే తేడా.

కాబట్టి నా సలహా ఏమిటంటే, పని మానకు, కానీ సెక్షన్ మార్చుకో. బొగ్గు సెక్షన్‌లోనే ఉంటే బొగ్గుతోనే ఉంటావు. వచ్చే ఓవర్‌హాలింగ్‌లో మీ సూపర్‌వైజర్‌ని అడిగి కంప్రెసర్ల దగ్గరో, పంపుల దగ్గరో, డీఎమ్ ప్లాంట్‌లోనో వేయించుకో. ఓవర్‌హాలింగ్‌లో మనుషులు ఎప్పుడూ చాలరు, అడిగితే కాదనరు. మెకానికల్ సీల్ మార్చడం, షాఫ్ట్ అలైన్‌మెంట్ డయల్ గేజ్‌తో చూడటం, ఫ్లాంజ్‌ని టార్క్ రెంచ్‌తో వరసలో బిగించడం, చిన్న స్టీల్ ట్యూబులకి ఫిట్టింగ్ వేసి లీక్ టెస్ట్ చేయడం. ఈ నాలుగూ చేతికొస్తే హైడ్రోజన్ రాకపోయినా నీకు నష్టం లేదు. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల్లో పనికొస్తాయి, రిఫైనరీ షట్‌డౌన్‌లో పనికొస్తాయి. నేను చెప్పిన ఆ 24 మంది కుర్రాళ్ల విషయంలో మేం చేయనిది ఇదే.

హైడ్రోజన్ విషయంలో ఒక్క జాగ్రత్త మాత్రం ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే బొగ్గు దగ్గర అలవాటైన చేతికి ఇది తెలియదు. బొగ్గు అంటుకుంటే పొగ వస్తుంది, వాసన వస్తుంది. హైడ్రోజన్‌కి వాసన లేదు, మంట పగటి వెలుగులో కంటికి కనిపించదు. గాలిలో నూటికి 4 వంతులు కలిసినా అంటుకుంటుంది, 75 వంతులు కలిసినా అంటుకుంటుంది. అక్కడ పర్మిట్ లేకుండా స్పానర్ పట్టుకోకూడదు, ఆ స్పానర్ కూడా నిప్పురవ్వ రాని లోహంతో చేసినదే ఉంటుంది. బొగ్గు సెక్షన్‌లో “రెండు నిమిషాల పనికి పర్మిట్ ఎందుకు” అనే పద్ధతి ఉంటుందని నాకు తెలుసు. ఆ అలవాటు ఇవాళ్టి నుంచే మానుకో. కొత్త ప్లాంటుకి మనిషిని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్ కంటే ముందు ఈ అలవాటునే పట్టి చూస్తారు.

నీకు వెల్డింగ్ వచ్చో రాదో రాయలేదు. వస్తే ఆర్గాన్ వెల్డింగ్ నేర్చుకో. గాజువాకలో 6జీ అనే కష్టమైన పైపు వెల్డింగ్ టెస్ట్ పాసై గల్ఫ్ వెళ్లిన వెల్డర్లు వీధికొకడు దొరుకుతాడు. సెలవులకి వచ్చినప్పుడు పట్టుకో. ఎక్స్‌రే తీసినా మచ్చ కనపడని జాయింటు వేసేవాడికి బొగ్గయినా హైడ్రోజనయినా ఒకటే.

మరి సోలార్ కోర్సులు అసలు పనికిరావా? వస్తాయి, నీకు కాదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి ఖాళీగా ఉన్న మీ బంధువుల కుర్రాడెవడైనా ఉంటే వాడికి పనికొస్తాయి. అది కూడా ఉచితంగా. కేంద్రం 2015లో మొదలుపెట్టిన ‘సూర్యమిత్ర’ అలాంటిదే: 600 గంటలు, దాదాపు మూడు నెలలు, అక్కడే ఉండి నేర్చుకోవడం, ఫీజు లేదు. దగ్గర్లో బ్యాచ్ ఏదైనా నడుస్తోందా అని కంచరపాలెం ఐటీఐలో అడిగితే చెప్తారు. అలాంటి కుర్రాళ్లకి ఇప్పుడు పని ఎక్కువ ఉన్నది పెద్ద ప్లాంట్లలో కాదు, డాబాల మీద. 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో ఇంటి మీద 3 కిలోవాట్లు వేసుకుంటే రూ. 78,000 సబ్సిడీ వస్తుంది. సముద్రం పక్కన ఉప్పుగాలికి తుప్పు పట్టని ఫ్రేము ఏదో, గాలివాన వస్తే ఎగిరిపోకుండా ఎలా బిగించాలో తెలిసినవాడికి ఈ ఊళ్లో కరువుండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన వాళ్లం మనం, బిగింపు అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ కుర్రాడికి ఒక్క మాట నా మాటగా చెప్పు. ఇంటి వైరింగ్ చేసేవాడు మెయిన్ ఆపి తీగ ముట్టుకుంటాడు. సోలార్‌లో మెయిన్ ఆపినా పలక ఆగదు. ఎండ ఉన్నంతసేపు తీగలో కరెంటు ఉంటుంది. పెద్ద ప్లాంట్లలో వరసకి 1,000 నుంచి 1,500 ఓల్టుల దాకా ఉంటుంది, అదీ డీసీ. ఏసీలో నిప్పు తనంతట తాను ఆరే అవకాశం ఉంటుంది. డీసీలో లోడు మీద కనెక్టర్ ఊడదీస్తే ఆ నిప్పు సాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు నీ కాగితాల సంగతికి వస్తాను. నాకు అసలు టెన్షన్ దీని గురించే. 17 ఏళ్లు, నలుగురు కాంట్రాక్టర్లు అన్నావు. నీ దగ్గర నలుగురి అనుభవ పత్రాలూ ఉన్నాయా? నా అంచనా ఒక్కటి కూడా ఉండదు. నీ చేతిలో 17 ఏళ్ల పనితనం ఉంది, దాన్ని నమ్మించే కాగితం ముక్క లేదు. ట్రైనింగ్ సెంటర్ వాడు నీకు 65 వేలకి అమ్మాలనుకుంటున్నది ఈ లోటునే. దానికి దారి వేరే ఉంది. పాత గేట్ పాసులు, జీతం స్లిప్పులు, సేఫ్టీ ట్రైనింగ్ కార్డులు దొరికినవన్నీ ఒక ఫైల్లో పెట్టు. కొత్తగా నేర్పకుండా, ఉన్న పనితనాన్నే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకాల్లో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. ఐటీఐలోనే దాని గురించీ అడుగు. మూడు నెలలు మానక్కర్లేదు.

పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో తీసి చూడు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు ఇచ్చేశారేమో, అన్నీ ఒకే యూఏఎన్ (మనిషికి ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు) కిందకి వచ్చాయో లేదో చూసుకో. పెన్షన్‌కి 10 ఏళ్ల సర్వీసు కావాలి. చాలామంది కాంట్రాక్టరు మారగానే పీఎఫ్‌తో పాటు పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటారు, ఇంట్లో పెళ్లో, ఇంటి స్లాబో ఉంటుంది కదా. అలా తీసేస్తే ఆ ఏళ్లు లెక్కలోంచి పోతాయి. నువ్వు తీసి ఉంటే తీశావు, ఇక మీదట మాత్రం తీయకు, కొత్త ఖాతాకి ట్రాన్స్‌ఫర్ పెట్టు.

కాగితాల గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే దక్షిణాఫ్రికాలో కొమాటి అని ఒక ఊరు ఉంది. 1961లో మొదలైన బొగ్గు ప్లాంటు. 2022 అక్టోబరు 31న చివరి యూనిట్ ఆపేశారు. ఆ స్థలంలోనే 150 మెగావాట్ల సోలార్, 70 మెగావాట్ల గాలిమరలు, బ్యాటరీలు, శిక్షణ కేంద్రం పెడతామన్నారు. ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, ఎక్కువ భాగం అప్పుగానే. కాగితం మీద అంత చక్కటి పథకం ఇంకోటి లేదు. కానీ పాతది ఆగిపోయింది, కొత్తది సమయానికి లేవలేదు. ప్లాంటు పర్మినెంట్ ఉద్యోగుల్ని వేరే చోట్లకి సర్దారు. కాంట్రాక్టు వాళ్లు, వాళ్లకి అన్నం పెట్టే మెస్సులు, గదులు అద్దెకిచ్చే ఇళ్లవాళ్లు మిగిలిపోయారు. పర్మినెంట్ ఉద్యోగి పేరు కంపెనీ రిజిస్టర్లో ఉంటుంది కాబట్టి అతన్ని సర్దగలిగారు. కాంట్రాక్టు మనిషి అక్కడ పనిచేశాడని ఎవరి రిజిస్టర్లో ఉంది? మన దగ్గరా విశాఖ ఉక్కు కోసం భూములు పోయిన నిర్వాసితులకి ఇచ్చిన ఆర్ కార్డుల కథ తెలిసిందే. ఎన్నో ఇళ్లలో కార్డు ఉంది, ఉద్యోగం రాలేదు. కార్డున్నవాళ్లకే అంత కష్టమైతే లేనివాళ్ల గతి ఆలోచించు.

భూమి గురించి నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. మీ తాతగారి ఎకరన్నర కాగితాలు, పరిహారం తేల్చిన అవార్డు కాపీ ఇంట్లో ఉన్నాయా? ఉంటే నీ ఫైల్లోనే పెట్టు. కొత్త ప్రాజెక్టులకి గ్రామసభలు, ప్రజాభిప్రాయ సేకరణలు జరిగినప్పుడు మనవాళ్లు “మాకు ఉద్యోగాలు కావాలి” అని అరిచి ఊరుకుంటారు. అధికారులు తల ఊపుతారు, అయిపోతుంది. దానికంటే ఊరు మొత్తం కూర్చుని, మా ఊళ్లో ఫిట్టర్లు ఇంతమంది, వెల్డర్లు ఇంతమంది, ఐటీఐ చదివిన పిల్లలు ఇంతమంది అని జాబితా రాసి సంతకాలు పెట్టి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. కట్టడం మొదలయ్యే నాటికే అప్రెంటిస్‌షిప్ సీట్లు అడగండి. కట్టడం అయ్యాక అడిగితే మిగిలేది గేటు దగ్గర సెక్యూరిటీ, పలకలు కడిగే పని.

అమ్మాయి విషయంలో నాకు అనుమానమే లేదు. హైడ్రోజన్, సోలార్ అని పేరున్న కోర్సుల్లో వేయొద్దు. పదో తరగతి కాగానే పాలీసెట్ రాయించు. ఎలక్ట్రికల్ గానీ, ఇన్‌స్ట్రుమెంటేషన్ గానీ, కెమికల్ గానీ డిప్లొమా చేయనీ. పునాది గట్టి బ్రాంచి అయితే పైన ఏ ప్లాంటు వచ్చినా ఆరు నెలల్లో పట్టుకుంటుంది. విశాఖలోనే ప్రభుత్వ కెమికల్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, భీమిలిలో ఆడపిల్లల ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. కంట్రోల్ రూమ్‌లో కూర్చునే పని, ల్యాబ్ పని ఆడపిల్లలకే అని నేను అనను. నా క్లాసులో ఫిట్టర్ చేసిన అమ్మాయిలు మగపిల్లల కంటే నీటుగా ఫైలింగ్ చేసేవాళ్లు. తనకేది ఇష్టమో ముందు తననే అడుగు. నువ్వు ఉత్తరంలో “దాన్నయినా పెట్టమంటారా” అని రాశావు, అది మాత్రం నాకు నచ్చలేదు.

చివరిగా ఒక పని ఈ నెలలోనే చెయ్యి. ఇప్పుడున్న నాలుగో కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి అనుభవ పత్రం రాయించుకో. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ సెక్షన్, ఏ యంత్రాలు, సంతకం, స్టాంపు. రేపు, ఎల్లుండి అంటాడు, వదలకు. టెండర్ మారిందంటే ఆయన ఆఫీసు షట్టర్ కూడా నీకు కనపడదు.